నల్లమట్టి కనబడితే చెరువు చెడినట్టేనా?



రొయ్యల చెరువు అడుగున నల్లమట్టి తగిలితే పంట పోయినట్టేనన్న మీ గత సంచిక వ్యాసంతో ఏకీభవించలేను. ఉప్పునీటిలో సల్ఫేట్ ఎక్కువ. ఆక్సిజన్ అందని లోపలి పొరలో బాక్టీరియా దాన్ని సల్ఫైడ్‌గా మారుస్తుంది. అది మట్టిలోని ఇనుముతో కలిస్తే నలుపొస్తుంది. ఉప్పునీటి అక్వేరియంలో మందంగా పరిచిన ఇసుకలోనూ జరిగేది ఇదే. పైగా ఆక్సిజన్ లేని ఆ పొరే నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి బయటికి పంపుతుంది.

చూడాల్సింది పైపొరను. అది గోధుమ రంగులో ఉంటే, కొన్ని మిల్లీమీటర్ల మందమే అయినా, కింది పొరలో సల్ఫైడ్ నుంచి పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువును నీళ్లలోకి రాకుండా ఆపుతుంది. ఆ పొర కూడా నల్లబడి, కుళ్లిన గుడ్ల కంపు కొడితేనే ప్రమాదం. నీటి పీహెచ్ తగ్గితే హైడ్రోజన్ సల్ఫైడ్ విషం మరింత పెరుగుతుంది. పైపొర అలా నల్లబడితే మేత తగ్గించాలి, ఏరియేటర్లు ఆపకూడదు, అడుగు మడ్డిని కలబెట్టకూడదు. పట్టుబడి అయ్యాక చెరువును నేల పగుళ్లిచ్చేదాకా ఎండబెట్టాలి.

కొత్తపట్నం నుంచి నిజాంపట్నం దాకా రైతు సోదరులు రంగు చూసి కంగారుపడి మందుల డబ్బాలు కొనే ముందు, పిడికెడు పైమట్టి తీసి పరీక్షించుకోవాలని మనవి.

– ఒక రొయ్యల రైతు, కొత్తపట్నం, ప్రకాశం జిల్లా