టెండరు లెక్కలో మన పేరేది?

రంజాన్ మాసం వచ్చినప్పుడల్లా ప్రభుత్వ ఇఫ్తార్ విందులకు, తోఫా సంచులకు లెక్కలు కట్టడం మనకు అలవాటైంది. ఏ మసీదుకు ఎన్ని అందాయి, ఎవరికి అందలేదు అని తగవులాడుకున్నాం. ఆ సంచిలోని వస్త్రాన్ని ఎవరు సరఫరా చేశారు, ఆ విందుకు షామియానా ఎవరు వేశారు, బిల్లు సొమ్ము ఎవరి ఖాతాలో పడింది అని ఏనాడూ అడగలేదు. మన నాయకులకైతే ఆ ప్రశ్న తోచనే లేదు. వారికి వేదిక మీద కుర్చీ దొరికితే చాలు.

వీధి దీపాలు, బ్లీచింగు పొడి, బడి బెంచీలు, ఇనుప బీరువాలు, పారిశుద్ధ్య కార్మికుల దుస్తులు, బోరు మోటార్ల మరమ్మతు: పురపాలక సంఘం ఏటా కొనేవి, చేయించేవి ఇవే. వీటిని తయారుచేసే చేతులు మన బస్తీల్లో లేవా? వెల్డింగు కొట్టు, దర్జీ దుకాణం, మోటారు వైండింగు షాపు లేని ముస్లిం వాడను చూపించండి! అయినా మనవాడు గుత్తేదారు దగ్గర కూలికి బీరువా చేసి ఇస్తాడు. ధర గుత్తేదారు నిర్ణయిస్తాడు, బిల్లు అతడి పేరనే వస్తుంది.

చట్టం లేదని అనలేం. నామినేషన్ పద్ధతిపై ఇచ్చే పనుల్లో, సేవల్లో సగం వెనుకబడిన తరగతులు, ఎస్సీలు, ఎస్టీలు, మైనారిటీలకు దక్కాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019లో బిల్లు ఆమోదించింది. నాలుగు వర్గాలను ఒకే మూటగా కట్టినచోట మన వాటా ఎంతో విడిగా తేల్చి చెప్పే లెక్క ఏ కార్యాలయపు నోటీసు బోర్డు మీదా మేము చూడలేదు. కేంద్రం 2012లో తెచ్చిన సేకరణ విధానం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఇప్పుడు 25 శాతం కేటాయిస్తోంది. అందులో ఎస్సీ, ఎస్టీలకు 4 శాతం, మహిళలకు 3 శాతం ఉంది. మైనారిటీల ఊసు లేదు. పైగా అది కేంద్ర శాఖలకు, సంస్థలకే వర్తిస్తుంది. పొరుగున కర్ణాటక 2025 మార్చిలో కాంట్రాక్టుల్లో 2బీ వర్గానికి, అంటే ముస్లింలకు, 4 శాతం కేటాయిస్తూ సవరణ బిల్లు ఆమోదించగానే ఎంత రభస జరిగిందో చూశాం. గవర్నరు దానిని రాష్ట్రపతి పరిశీలనకు పంపారు.

అంతవరకు చేతులు ముడుచుకుని కూర్చోవాలా? ఉద్యం నమోదుకు రుసుము లేదు. డిజిటల్ సంతకం తీసుకుంటే రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో బిడ్డు వేయవచ్చు. టర్నోవరు, అనుభవ పత్రాల నిబంధనలే చిన్నవాడిని గడప దాటనివ్వవు, నిజమే. అందుకే చిన్న మొత్తాల కొనుగోళ్ల దగ్గర మొదలుపెట్టాలి. నమోదైన చిన్న సరఫరాదారుకు 45 రోజులకు మించి చెల్లింపు ఆపరాదని 2006 నాటి చట్టం శాసిస్తోంది. ఆలస్యమైతే వడ్డీ కూడా ఇవ్వాలి. వడ్డీ పుచ్చుకోవడానికి మన మనసొప్పకపోవచ్చు. అసలు అడగడానికి మొహమాటమెందుకు?

ముందుగా ప్రతి పట్టణంలోను 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. గడచిన మూడేళ్లలో నామినేషన్‌పై ఇచ్చిన పనులెన్ని, ఎవరికిచ్చారు, ఎంత చెల్లించారు, అందులో మైనారిటీల వాటా ఎంత? 30 రోజుల్లో జవాబు ఇవ్వక తప్పదు. ఆ జవాబుల ప్రతులను మాకు పంపండి. ఊరి పేరుతో సహా అచ్చు వేస్తాం.