ఎండసీమలో హీటరేల యనువారికి

తిరుపతి మొదలు పలమనేరు వరకు మన షెడ్లలో నేడు రెండభిప్రాయములు వేరూనియున్నవి. కారులో చెక్ ఇంజన్ లైటు వెలిగి, స్కానరు తగిలించినప్పుడు ఆక్సిజన్ సెన్సరు హీటరును గూర్చిన కోడు, పి 0135 గాని పి 0141 గాని కనబడినచో, సెన్సరు పోయినదని తేల్చి క్రొత్తది బిగించుటయే చికిత్స యని యొక వర్గమువారు చెప్పుదురు. ఈ ఎండల సీమలో సెన్సరునకు హీటరేల, అది మంచు కురియు దేశములవారికి గదా, బండి నడచుచున్నంతకాలము ఆ లైటును లెక్కచేయనక్కరలేదని మరియొక వర్గమువారు చెప్పుదురు. పైకివి పరస్పర విరుద్ధములుగా గానవచ్చినను, కొలిచి చూడకయే తీర్పు చెప్పుట రెండింటికిని మూలమై యుండుటచే, రెండును త్రోసిపుచ్చదగినవే యని నా నిశ్చితాభిప్రాయము.

ముందుగా ఎండల వాదమును పరిశీలింతము. ఇంజను వెలువరించు పొగలో ప్రాణవాయువు ఎంత మిగిలియున్నదో గ్రహించి, పెట్రోలును హెచ్చింపవలయునో తగ్గింపవలయునో కంప్యూటరునకు తెలుపు నీ సెన్సరులోని జిర్కోనియా పింగాణి, సుమారు 300 డిగ్రీల సెల్సియసు వేడిమి నందుకొన్నగాని నమ్మదగిన సంకేతము నీయజాలదు. రేణిగుంట రోడ్డుపై తారు మెత్తబడునంతగా ఎండ కాచినను గాలి వేడిమి 45 డిగ్రీలు దాటుట యరుదు. 45కును 300కును గల యంతరము నెదుట, మన వేసవికిని కాశ్మీరపు శీతకాలమునకును గల భేదము గణనకే రాదు. చరిత్రయు ఈ వాదమునకు ప్రతికూలమే. బాష్ సంస్థవారు 1976లో ఈ సెన్సరును తయారుచేసి వోల్వో కార్లలో అమర్చినప్పుడు, ఆ కార్లు ముఖ్యముగా ఉద్దేశింపబడినది పొగ నిబంధనలు కఠినముగానున్న కాలిఫోర్నియాకే గాని మంచుసీమకు గాదు. ఆ తొలి సెన్సరునకు హీటరు లేదు. అది పొగవేడిమినే నమ్ముకొని పనిచేసెడిది. అట్లు నమ్ముకొనుట చాలదని తేలిన పిమ్మటనే, 1982లో, అదే సంస్థవారు హీటరు గల సెన్సరును తెచ్చిరి.

అంత దూరము పోనేల? తిరుమల ఘాటును చూచినను చాలును. 1944లో తెరవబడిన మొదటి ఘాటురోడ్డు నేడు దిగుటకు వాడబడుచున్నది. ఆ మలుపులలో రెండవ గేరునందు బండి నుంచి, యాక్సిలరేటరుపైనుండి కాలు తీసి, మెల్లమెల్లగా దిగునప్పుడు, కంప్యూటరు పెట్రోలును పూర్తిగా ఆపివేయును. ఇంజను కేవలము చల్లగాలిని పీల్చి సైలెన్సరు గొట్టములోనికి పంపుచుండును. ఎక్కునప్పుడు ఎంత వేడెక్కిన సెన్సరైనను ఆ గాలికి చల్లబడక తప్పదు. మలుపు తిరిగి మరల కాలు మోపిన క్షణమున, హీటరు లేనిచో, సెన్సరునుండి వార్త రాదు. వార్త రానప్పుడు కంప్యూటరు తన జ్ఞాపకములోని పట్టికను అనుసరించి, ఇంజను దెబ్బతినకుండ నుండుటకై, తరచుగా పెట్రోలును హెచ్చుగానే పోయును. బ్రహ్మోత్సవముల దినములలో అలిపిరి తనిఖీవద్ద బారులు తీరి ఐడిలింగులో నిలిచిన బండ్ల స్థితియు, మొగిలి ఘాటు దిగు బండ్ల స్థితియు నిట్టిదే. కావున ఎండసీమ యని వారు తలచుచోటనే హీటరు పని మిక్కుటముగానున్నది. హెచ్చుగా పోసిన పెట్రోలు మైలేజీని తినివేయుటయే గాక, కాలక మిగిలినది క్యాటలిటిక్ కన్వర్టరులో మండి దానిని చెరచును. ప్లాటినము, పల్లాడియము, రోడియము పూసిన ఆ కన్వర్టరు ఖరీదు సెన్సరు ఖరీదుకు అనేక రెట్లు. కొండమీది గాలి నిర్మలముగా నుండవలయునని 2022లో ఆర్టీసీవారు విద్యుత్ బస్సులను తిరుమలకు నడుప మొదలిడగా సంతోషించిన మనమే, లైటు వెలుగుచున్న కారులో అదే కొండ నెక్కుట నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది. హీటరు వైర్ల నడుమ రెసిస్టరు నతికి లైటు నార్పు విద్యనుగూర్చి వేరుగ చెప్పనక్కరలేదు: అది కంప్యూటరును మోసగించును గాని సెన్సరును వేడి చేయదు.

ఇక క్రొత్త సెన్సరు వాదము. స్కానరు సాక్ష్యము దీనికి గలదు గావున ఇది గౌరవనీయముగా గానవచ్చును. కాని ఆ సాక్షి చెప్పినదేమి? హీటరు సర్క్యూటులో దోషము గలదని మాత్రమే. ఆ సర్క్యూటనగా, బ్యాటరీనుండి రిలే, ఫ్యూజుల మీదుగా వచ్చు 12 వోల్టుల వైరు, కనెక్టరు పిన్నులు, సెన్సరులోపలి హీటరు, అటనుండి కంప్యూటరునకు పోయి దానిచే ఎర్తుకు కలుపబడుచు విడువబడుచు నుండు వైరు, ఇవన్నియును. ఇందు దేనికి కీడు మూడినను కోడు అదే రావచ్చును. ఊరిలో చింతచెట్టు క్రింద నిలిపిన బండిలో ఎలుక కొరికిన వైరు, గొట్టమునకు తాకి కరిగిన వైరు, వాననీటికి చిలుము పట్టిన పిన్ను, కాలిన ఫ్యూజు: వీనిలో నేదైనను కారణము గావచ్చునని తలపక సెన్సరును మార్చినవారికి, లైటు మరల వెలిగినప్పుడు చెప్పుటకు మాట యుండదు.

పరీక్ష కష్టమైనది గాదు. ఇంజను చల్లారిన పిమ్మట కనెక్టరు విప్పి, సెన్సరువైపు నాలుగు వైర్లలో ఒకే రంగు గల రెండింటి నడుమ మల్టీమీటరుతో ఓములు చూడవలయును. తయారీనిబట్టి మారినను అది సాధారణముగా 3 మొదలు 20 ఓముల లోపల నుండును. ఆ బండికి తగిన అంకె సర్వీసు పుస్తకమున దొరకును. మీటరు అనంతమును చూపినచో హీటరు తెగినది. సున్న చూపినచో లోలోపల అంటుకొని ఫ్యూజును కాల్చుచున్నది. అంకె సరిగానున్నచో సెన్సరును వదలి, బండివైపు కనెక్టరును చూడవలయును. ఇచట మీటరు నొక్కదానినే నమ్మరాదు. చిలుము పట్టిన పిన్నుగుండ సైతము మీటరునకు 12 వోల్టులు కనబడును. హీటరునకు వలసిన కరెంటు మాత్రము పారదు. అందుచే చిన్న టెస్టు బల్బును సప్లై పిన్నునకును బ్యాటరీ నెగటివునకును నడుమ పెట్టి, నిండుగా వెలుగుచున్నదో లేదో చూడవలయును; పిదప బ్యాటరీ పాజిటివునకును కంప్యూటరు పిన్నునకును నడుమ పెట్టి, ఇంజను నడచుచుండగా వెలుగుచునో మినుకుచునో ఉన్నదేమో చూడవలయును. ఫ్యూజు కాలినదని అంతకంటె ఎక్కువ ఆంపియర్లది పెట్టుట వైరును దహించుటకు దారితీయును గనుక, కాలుటకు గల కారణమును వెదకక ఫ్యూజును మార్చరాదు. ఇన్ని చూచిన మీదట హీటరే తెగినదని తేలినచో, క్రొత్త సెన్సరు బిగించుట న్యాయమే. మరలకు పూయు గ్రీజు కొనకు సోకకుండిన చాలును.

మెకానిక్కులను మాత్రమే నిందించుట నా ఉద్దేశము గాదు. విడిభాగమునకు వేలు చెల్లించుటకు జంకని మన యజమానులు, అరగంట కూర్చుండి మీటరుతో వెదకినందుకు మున్నూరు రూపాయలడిగినచో "ఏమి మార్చితివని?" అని తగవుకు దిగుదురు. మార్చినదానికే గాని వెదకినదానికి కూలి దొరకని షెడ్డులో, వెదకువాడు పస్తుండవలసినదే, మార్చువాడే బ్రతుకును. కనుక కోడు కనబడిననాడు యజమాని తానే ముందుగా, వెదకినందుకు వేరుగ కూలి యిత్తునని చెప్పి, ఎన్ని ఓములు వచ్చినవో, బల్బు వెలిగెనో లేదో బిల్లుమీద వ్రాయించుకొని, సెన్సరు మార్చినచో పాతదానిని అడిగి తీసికొనిపోవలయును.