త్రోయలో ఉంచిన అంగీ



ఈ నెల ఈ పుటలో బండి ప్రయాణాలకు ఏ కాలంలో ఏమి వేసుకోవాలి, తలకు ఏమి పెట్టుకోవాలి అనే సంగతి వ్రాయదలచాము. సంఘ పత్రికలో ఇదెందుకని కొందరు అనుకోవచ్చు. అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయం తెరచి చూడండి. తన పరుగు ముగింపుకు వచ్చిందని ఎరిగి, సంకెళ్లలో ఉండి వ్రాస్తూ, త్రోయలో కర్పు దగ్గర ఉంచి వచ్చిన అంగీని వెంట తెమ్మని అడిగాడు. మరి కొన్ని వచనాల తరువాత, చలి ముదరకముందే బయలుదేరి రమ్మని తొందరపెట్టాడు. అన్ని దర్శనాలు చూచిన దైవజనునికి కూడా చలి వేసింది, అంగీ కావలసి వచ్చింది. దానిని అడగడానికి ఆయన సిగ్గుపడలేదు.

1866లో ఒంగోలు వచ్చిన క్లౌ దొరగారు ఈ సీమ పల్లెలకు గుర్రం మీద, గుడారాలు వేసుకుంటూ తిరిగారు. ఆ కాలపు మిషనరీలు దూరపు పర్యటనలను చలికాలానికి పెట్టుకొనేవారు. మనకు ఆ వెసులుబాటు లేదు. మే నెలలో మార్కాపురంలో పెండ్లి, అక్టోబరు ముసురులో వినుకొండ ఆసుపత్రి, డిసెంబరు అర్ధరాత్రి పల్లెల్లో క్రిస్మస్ పాటలు, అన్నిటికీ అదే బండి. ఎండా వానా చలీ మూడూ దాని మీదనే అనుభవించాలి గనుక మూడింటికీ సిద్ధపడాలి.

బట్టలు కాలాన్ని బట్టి మారుతాయి. హెల్మెట్ మాత్రం పన్నెండు నెలలూ ఉండవలసిందే గనుక ముందు దాని సంగతి చూద్దాము. 1935లో ఇంగ్లండులో టి.ఇ. లారెన్స్ అనే పేరుపొందిన సైనికాధికారి మోటారు సైకిలు మీద నుండి పడి, ఆరు రోజులు తెలివి లేకుండా ఉండి చనిపోయాడు. ఆయనను చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకరు. ఆ వైద్యుడు తరువాత యుద్ధకాలంలో సైన్యపు బండ్ల మీద తిరిగేవారి మరణాలను పరిశీలించి 1941లో వ్యాసం వ్రాశాడు. ఆ సంవత్సరమే బ్రిటిషు సైన్యం తన బండ్లవారికి హెల్మెట్ తప్పనిసరి చేసింది. అప్పటి నుండి అనేక దేశాలలో జరిగిన పరిశోధనలను 2008లో ఒకచోట చేర్చి చూస్తే, హెల్మెట్ వలన మరణాలు 42 శాతం, తలగాయాలు 69 శాతం తగ్గుతాయని తేలింది.

మన దేశం లెక్క కూడా చూడండి. 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. అందులో హెల్మెట్ లేకుండా బండి మీద పోతూ చనిపోయినవారు 50,029 మంది. ఆ యాభై వేలలో బండి నడిపినవారిని తీసివేస్తే, వెనుక కూర్చున్నవారు 14,337 మంది మిగులుతారు.

ఈ చివరి అంకె దగ్గర కొంచెం ఆగండి. ఆదివారం ఉదయం ఆరాధనకు వచ్చే బండ్లను చూస్తే మాకు కనబడేది ఇదే. ముందు అయ్యగారి తలమీద హెల్మెట్ ఉంటుంది, లేదా కనీసం అద్దానికైనా వ్రేలాడుతూ ఉంటుంది. వెనుక ఆయన భార్య ఒకవైపుకు కూర్చొని, ఒడిలో బిడ్డను, చేతిలో బైబిలు సంచిని పట్టుకొని, తలమీద చీర కొంగు కప్పుకొని ఉంటుంది. పడినప్పుడు ఎక్కువగా చెదిరేది ఆమే. పట్టుకోవడానికి ఆమెకు చెయ్యి ఖాళీ లేదు. భర్తను భార్యకు శిరస్సుగా చెప్పే వాక్యం మేము ప్రతి పెండ్లిలో చదువుతాము. ఆమె భుజాల మీద కూడా ఒక శిరస్సు ఉన్నది. భార్యను తన సొంత శరీరంలా ప్రేమించమన్న మాట కూడా ఆ ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయంలోనే ఉన్నది. తన తలకు కొని ఆమె తలకు కొననివాడు ఆ అధ్యాయాన్ని సగమే చదివాడు.

"వెనుక కూర్చునేవారికి ఎందుకయ్యగారూ, పోలీసులు అడగరు గదా" అంటారు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను ప్రకారం ఇద్దరికీ ఉండాలి. 2019 సవరణ తరువాత వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు అనే శిక్ష కూడా ఉన్నది. అయినా పోలీసు అడిగినా అడగకపోయినా రోడ్డు అడుగుతుంది. కొప్పు మీద హెల్మెట్ పట్టదని అక్కలు చెబుతారు, అది నిజమే. ప్రయాణం రోజున కొప్పు విప్పి జడ వేసుకుంటే పడుతుంది. పూలు దిగిన తరువాత పెట్టుకోవచ్చు. చీర కొంగును, చున్నీని నడుముకు బిగించి దోపుకోవాలి. వెనుక చక్రానికి చీర పడకుండా కంపెనీవారు ఇచ్చే కమ్మీల గార్డును అందం కోసం పీకివేసే యువకులున్నారు. తల్లినో చెల్లినో ఎక్కించుకొనే బండికి దానిని తిరిగి బిగించండి.

నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా హెల్మెట్ ఉండాలని చట్టం. అంతకంటె చిన్నవారికి, తొమ్మిది నెలల నుండి నాలుగేళ్ల వరకు, వారి తలకు సరిపోయే హెల్మెట్, నడిపేవారికి బిడ్డను కట్టి ఉంచే బెల్టు, గంటకు 40 కిలోమీటర్లు మించని వేగం ఉండాలని 2022లో నియమం వచ్చింది. పెట్రోలు ట్యాంకు మీద బిడ్డను కూర్చోబెట్టుకొని పోవడం ముద్దుగా ఉంటుంది గాని, గట్టిగా బ్రేకు వేస్తే ఆ బిడ్డకు అడ్డం ఏమీ లేదు.

కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. ముద్ర, దాని దగ్గర ఐ.ఎస్. 4151 అనే అంకె చూడండి. 2021 జూన్ 1 నుండి ఆ ముద్ర లేనివి తయారు చేయడం, అమ్మడం నిషేధం. రోడ్డు ప్రక్కన తాడుకు వ్రేలాడదీసి అమ్మే టోపీ వంటివి పోలీసు కంటికి తప్ప దేనికీ పనికిరావు. కనుబొమలకు కాస్త పైగా తల చుట్టూ టేపు పెట్టి కొలిచి, ఆ సైజు అడగండి. పెట్టుకొని తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్ విడిగా కదలకూడదు. పట్టీ బిగించి వెనుక నుండి పైకి లాగితే ఊడిరాకూడదు. లోపల ఉండే తెల్లని థర్మోకోల్ వంటి పొర దెబ్బకు తాను నలిగి తలను కాపాడుతుంది. ఒకసారి నలిగినది మరల ఉబ్బదు. గనుక గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా ఇక వద్దు. మంచిది వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. పెండ్లికి బీరువా, మంచం ఇచ్చే బంధువులు రెండు హెల్మెట్లు కూడా ఇవ్వవచ్చునని మేము ప్రకటనలు చదివే రోజున చెబుతూ ఉంటాము. (కట్నంలో బండి అడిగేవారి సంగతి వేరే నెల వ్రాస్తాము.)

దేవుడు కాపాడతాడు గదా, హెల్మెట్ పెట్టుకోవడం అవిశ్వాసం కాదా అని ఒక పెద్దాయన మమ్మును నిజంగానే అడిగారు. దేవాలయ శిఖరం మీద నుండి దూకమని, దూతలు పట్టుకుంటారని మన ప్రభువుతో చెప్పింది ఎవరో మత్తయి 4వ అధ్యాయం చెబుతుంది. ప్రభువు దూకలేదు. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలోనైతే, కొత్త ఇల్లు కట్టుకొనేవాడు ఎవరూ పడి చావకుండా మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని ఆజ్ఞ ఉన్నది. కట్టకపోతే ఆ రక్తాపరాధం ఆ ఇంటిమీదికి వస్తుంది. బండి కొన్నవానికి ఈ ఆజ్ఞ వర్తించదని మేము అనుకోవడం లేదు.

ఇక ఎండాకాలం. ఏప్రిల్, మే నెలల్లో మన ప్రాంతపు వడగాలి అందరికీ తెలిసిందే. బనీనుతో, పొట్టి చేతుల చొక్కాతో పోతే గాలి తగిలి హాయిగా ఉంటుందనుకుంటారు. గాలి వేడి మన ఒంటి వేడిని మించినప్పుడు బండి వేగం పొయ్యి ముందు విసనకర్ర పట్టినట్లే. చెమట పట్టినట్లు తెలియకుండానే ఆరిపోయి ఒంట్లో నీరు పోతుంది. గనుక ఆ కాలంలోనే ఒళ్లు ఎక్కువ కప్పుకోవాలి. లేతరంగు, నిండు చేతుల, వదులైన నూలు చొక్కా మంచిది. హెల్మెట్ కింద పలుచని నూలు గుడ్డ కట్టుకుంటే చెమట పీల్చుకుంటుంది, రోజూ ఉతుక్కోవచ్చు. ముఖానికి తువాలు చుట్టుకుంటే కొసలు చొక్కా లోపలికి దోపండి. మంచినీళ్లు, మజ్జిగ వెంట ఉండాలి. నైలాను, పాలిస్టరు బట్టలు పడి జారినప్పుడు రాపిడికి కరిగి చర్మానికి అంటుకుంటాయి. మందపు జీన్సు ప్యాంటు దానికంటె ఎంతో మేలు. తోలు గట్టితనం మన తాతలకు ఎవరూ చెప్పనక్కరలేదు గాని, తోలు జాకెట్ మన మే నెలకు తగదు. మోచేతుల దగ్గర, భుజాల దగ్గర మెత్తలు పెట్టి వల బట్టతో కుట్టిన జాకెట్లు ఉన్నాయి. రోజూ దూరం తిరిగే ఉద్యోగస్థులు కొనుక్కుంటే మంచిదే. కూలిపనికి పోయేవారు ఆ డబ్బుతో ముందు భార్యకు హెల్మెట్, తరువాత ఇద్దరికీ కాళ్లు మూసే బూట్లు కొనాలని మా అభిప్రాయం. లుంగీతో, హవాయి చెప్పులతో బండి నడపడం ఏ కాలంలోనూ మంచిది కాదు.

వానకు యూరియా సంచి మడిచి తలమీద వేసుకోవడం పొలంలో సరే, బండి మీద అది గాలికి లేచి కళ్లకు అడ్డం పడుతుంది. మోకాళ్ల దాకా ఉండే పొడుగు కోటు కంటె చొక్కా, ప్యాంటు విడివిడిగా ఉన్న రైన్ కోటు మేలు. ప్యాంటు అంచు బూటు పైకి రావాలి, లోపలికి పోతే బూటు నీళ్ల కుండ అవుతుంది. నలుపు కొనకండి, పసుపు కొనండి. హెల్మెట్ అద్దం లోపల ఆవిరి పడితే కాస్త సబ్బు రుద్ది పొడిగుడ్డతో తుడిస్తే కొంతసేపు నిలుస్తుంది. ఎండాకాలం తరువాత మొదటి జల్లుకు రోడ్డు మీది దుమ్ము, నూనె కలిసి సబ్బులా జారుతుంది. నల్లరేగడి దారుల సంగతి చెప్పనే అక్కరలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అటువంటి రోజులలో వాగు చప్టా మీద పారుతుంటే ఎంత మంచి రైన్ కోటు ఉన్నా ఇవతలి ఒడ్డునే ఆగండి. ప్రార్థనా కూటం మరొక రోజు పెట్టుకోవచ్చు.

చలికాలం మనకు చిన్నదే గాని, తెల్లవారుజామున గిద్దలూరు దాటి నల్లమల ఘాటులో నంద్యాల పోయేవారికి దాని పదును తెలుసు. ఉన్ని స్వెట్టరు ఒక్కటే వేసుకుంటే గాలి దాని కన్నాలలో నుండి దూరిపోతుంది. దానిపైన గాలి దూరనిది ఏదైనా ఉండాలి. వానకు కొన్న రైన్ కోటు చొక్కానే ఇక్కడ పనికివస్తుంది. అదీ లేనివారు చొక్కా లోపల రొమ్ముకు పాత వార్తాపత్రిక పరచుకుంటే ఆశ్చర్యంగా పనిచేస్తుంది. మందపు మంకీ క్యాపు మీద హెల్మెట్ సరిగా కూర్చోదు, పలుచనిదైతే ఫరవాలేదు. చేతికి తొడుగులు కావాలి. వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు ఆలస్యమవుతుంది, పడినప్పుడు నేలను ముందు తాకేదీ అరచేయే.

డిసెంబరు రాత్రులు వేరే మాట. క్రిస్మస్ పాటలకు మన యువకులు పది పదిహేను బండ్ల మీద పల్లె పల్లెకు తిరుగుతారు. ఆ సంతోషం మాకూ ఇష్టమే. అయితే బండికి ముగ్గురు, నల్ల శాలువలు, అర్ధరాత్రి నిద్రమత్తు, పైన మంచు, రోడ్డు మీద ఆరబోసిన కంది కట్టె, ప్రక్కన దీపం లేకుండా నిలిపిన ట్రాక్టరు. న్యూజిలాండులో చేసి 2004లో ప్రచురించిన పరిశోధనలో, మెరిసే బట్ట వేసుకొన్నవారికి ప్రమాదపు గాయాల ముప్పు 37 శాతం తక్కువగా, నల్ల హెల్మెట్ కంటె తెల్ల హెల్మెట్ పెట్టుకొన్నవారికి 24 శాతం తక్కువగా కనబడింది. మెరిసే జాకెట్లు కొనలేకపోతే రేడియం స్టిక్కరు చుట్ట ఒకటి తెచ్చి ప్రతి హెల్మెట్ వెనుక అడ్డంగా ఒక పట్టీ, శాలువ బదులు తొడిగిన రైన్ కోటు వీపున రెండు పట్టీలు అతికించవచ్చు. యువజన సంఘపు చందాలో నుండి ఆ ఖర్చు పెట్టమని సంఘ పెద్దలను కోరుతున్నాము. గీతలు పడిన అద్దాలను నవంబరులోనే మార్చండి. ఎదురు లారీ వెలుతురు ఆ గీతల మీద చెదిరి ఏమీ కనబడదు. నల్లద్దం రాత్రికి అసలే పనికిరాదు. బండికి ఇద్దరే ఎక్కండి, మిగిలినవారికి ఆటో మాట్లాడండి. డోలక్ మెడలో వేసుకొన్న పిల్లవానిని మాత్రం తప్పకుండా ఆ ఆటోలోనే ఎక్కించండి.