వేరు దగ్గర కాపలా

ఇల్లందు అనగానే గుర్తొచ్చేది బొగ్గు. 1871లో విలియం కింగ్ వెతికి పట్టుకున్నది దాన్నే. ఆ బొగ్గు మీదున్న జానెడు మట్టి గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. చెంచాడు మట్టిలో కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. అందులో కొన్ని పంట వేళ్లకు కాపలా కాస్తాయి.

ఎండు తెగులు సంగతి ఇక్కడి మిరప, పత్తి, కంది రైతులకు కొత్తగా చెప్పక్కర్లేదు. నిన్నటిదాకా పచ్చగా ఉన్న మొక్క తల వాల్చేస్తుంది. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వేరులోంచి దూరి, నీరు పైకెళ్లే దారిని మూసేస్తుంది. ఆ తర్వాత ఎన్ని మందులు పోసినా ఆ మొక్క లేవదు. దుకాణంలో బాకీ మిగులుతుంది. కౌలు రైతుకైతే దానికి తోడు కౌలు!

సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ శిలీంధ్రం కంటే ముందే వేరు చుట్టూ చోటు పట్టేస్తుంది. ఇనుము దొరక్కపోతే శిలీంధ్రం పెరగలేదు. ఈ బ్యాక్టీరియా సిడెరోఫోర్లనే పదార్థాలు వదిలి మట్టిలోని ఇనుమును తనవైపు లాగేసుకుంటుంది. 1980లో క్లోపర్ బృందం ఈ కిటుకు బయటపెట్టింది.

బాసిల్లస్ సబ్టిలిస్‌ది మరో దారి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పొదిలె అప్పారావు ఏళ్ల తరబడి పరిశోధించిన ఏఎఫ్ 1 రకాన్ని కంది ఎండు తెగులు తలెత్తని మట్టి నుంచే వేరుచేశారు. శిలీంధ్రం ఒంటి గోడలో కైటిన్ ఉంటుంది. ఏఎఫ్ 1 ఆ గోడను కరిగించే ఎంజైములు వదులుతుంది. ఆ కైటిన్‌నే కలిపి బ్యాక్టీరియాను విత్తనానికి పట్టిస్తే వేరుశనగలో మొదలు కుళ్లు, కందిలో ఎండు తెగులు ఇంకా బాగా తగ్గాయని ఆయన బృందం 2001లో చెప్పింది. శత్రువు రుచి ముందే చూపించినట్టన్నమాట!

వాడకం కష్టమేమీ కాదు. కిలో విత్తనానికి 10 గ్రాముల సూడోమోనాస్ పొడి. పొలంలోకైతే బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, తేమ ఉన్నప్పుడు చల్లాలి. తెగులు కనబడ్డాక కాదు, ముందే. స్ట్రెప్టోసైక్లిన్, రాగి మందులతో కలిపితే మాత్రం డబ్బు దండగ. కాపలాదారే చచ్చిపోతాడు.

అసలు చిక్కు దుకాణంలో ఉంది. బాసిల్లస్ సిద్ధబీజాలుగా మారి వేడిని ఓర్చుకుంటుంది. సూడోమోనాస్‌కు ఆ విద్య రాదు. ఈ ప్రాంతపు మే ఎండల్లో రేకుల షెడ్డు కింద పడి ఉన్న ప్యాకెట్‌లో జూలై నాటికి మిగిలేది చాలావరకు తెల్లపొడే. కొనేముందు తయారీ తేదీ, కేంద్ర క్రిమిసంహారక మందుల బోర్డు నమోదు సంఖ్య, గ్రాముకు కనీసం 10 కోట్ల జీవకణాలన్న మాట కవరు మీద ఉన్నాయో లేదో చూసుకోవాలి. 'బయో' అని పెద్దక్షరాలతో రాసి, ఇవేవీ లేకపోతే తిరిగి ఇచ్చేయడమే.