మైకు ఉంచవలసిన చోటు

మన కళాశాల వార్షికోత్సవం ఖవ్వాలీ లేనిదే ముగియదు. కొన్నేండ్ల క్రిందట ఒక వృద్ధ గాయకుడు మన వేదికపై పాడినప్పుడు, ఆ గానాన్ని భద్రపరచే బాధ్యత మేమే తీసుకున్నాము. తెలియక మైకును హార్మోనియం పెట్టె మీదనే నిలిపాము. తరువాత వింటే తిత్తి చప్పుడు, చప్పట్ల మోత స్పష్టంగా ఉన్నాయి. ఆయన గొంతు మాత్రం గోడ అవతలి నుండి వస్తున్నట్లున్నది. ఆ పెద్దాయన నేడు లేరు. మిగిలినది ఆ ముద్రణ ఒక్కటే. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

ధ్వనిముద్రణలో పరికరం వెలకంటె దానిని ఉంచిన చోటే ప్రధానమని మా అభిప్రాయం. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు ముద్రించిన నాటికి ఈ పనికి మైకు లేదు. గాయని పెద్ద బాకా ముందు నిలిచి గొంతెత్తి పాడవలసివచ్చింది. 1925లో మైకుతో విద్యుత్ ముద్రణ ఆరంభమైన పిదప మెల్లని గొంతుకు సైతం చోటు దొరికింది. అయినా ఒక నియమం మారలేదు. దూరం రెట్టింపయితే నేరుగా చేరే ధ్వని సుమారు 6 డెసిబెల్సు తగ్గుతుంది; గది ప్రతిధ్వని అంతగా తగ్గదు.

డైనమిక్ మైకు గట్టి దెబ్బలకు తట్టుకుంటుంది కనుక తబలా, ఢోలక్‌లకు తగినది. కండెన్సర్ మైకు గొంతులోని సున్నితమైన విరుపులను పట్టుకుంటుంది, ఫ్యాను చప్పుడును కూడా వదలదు. ఏకదిశా మైకును నోటికి మరీ ఆనిస్తే మంద్రస్వరం ఉబ్బి మాట మసకబారుతుంది. జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉంచితే 'ప', 'బ' పలికినప్పటి ఊపిరి దెబ్బ కూడా తగలదు.

ప్రకాశం జిల్లా కరవదిలో జన్మించిన షేక్ చిన మౌలానా వాయించిన నాదస్వరాన్ని తీసుకొందాము. దాని నాదం చివరి మూతి నుండియే గాక వేలి రంధ్రాల నుండి కూడా వెలువడుతుంది. మూతికి ఎదురుగా పెట్టిన మైకుకు కరకుదనమే దక్కుతుంది. నాలుగైదడుగులు వెనుకకు జరిపితే నిండు నాదం దొరుకుతుంది. షేక్ నాజర్ పేరు తెచ్చిన బుర్రకథలో కథకుని ముందు ఒక్క మైకే నిలిపితే వంతల జవాబు వినబడదు. ముగ్గురికీ మూడు మైకులు పెట్టినప్పుడు, నోటికీ మైకుకూ గల దూరానికి కనీసం మూడింతల ఎడం మైకుల నడుమ ఉండాలి.

జేబులో ఫోను ఉండగా ఇదంతా ఎందుకని కొందరు మిత్రులు అడుగుతారు. మసకబారిన గొంతును కంప్యూటరు కొంత శుభ్రపరచవచ్చు. అసలు పట్టుకోని విరుపును తిరిగి తేలేదు.

పాలకవర్గానికి మా విన్నపం ఒక్కటే. ఈ ఏడు మరికొన్ని లౌడ్‌స్పీకర్లకు బదులు రెండు మంచి మైకులు, రెండు స్టాండ్లు కొనండి. సభకు ముందు ఒక గంట వ్యవధి ఇప్పించండి. విద్యార్థులారా, ఆ గంటలో మీరు ఒక చెవి మూసుకొని, రెండవ చెవితో వింటూ కళాకారుని చుట్టూ నడవండి. ఎక్కడ గొంతూ వాద్యమూ పొందికగా వినబడతాయో అక్కడ మైకు నిలిపి, ముద్రించి, విని సరిచూసుకోండి. ఖవ్వాలీ, మర్సియా, బుర్రకథ తెలిసిన పెద్దలు ఇంకను మన ఊళ్లలో ఉన్నారు. మేము చేసిన పొరపాటు వారి విషయంలో మీరు చేయకూడదు.