ప్రాణం దక్కింది, ఆ తర్వాతి రెండేళ్ల మాటేమిటి?

తుమ్మలపల్లె పేరు చెబితే ఎవరికైనా యురేనియమే గుర్తొస్తుంది. కడప జిల్లా వేముల మండలంలోని ఆ గని, శుద్ధి కర్మాగారం వల్ల బోరునీరు పాడవుతోందని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. అలాంటి చోట పసిబిడ్డకు మెడ నిలవకపోయినా, కాళ్లు బిగుసుకుపోయినా అనుమానం ముందు నీటి మీదికి పోవడం సహజం. నిజం తేలాలంటే ఏ బిడ్డ ఎన్ని వారాలకు పుట్టింది, ఎంత బరువుంది, రెండేళ్లు నిండేసరికి ఎలా ఉంది అనే లెక్క ఊరూరా ఉండాలి. ఆ విచారణ జరగాల్సిందే. అది తేలేదాకా ఆగనక్కరలేని పని మరొకటుంది. ఎదిగే మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే సెరిబ్రల్ పాల్సీకి ఎప్పుడో రుజువైన పెద్ద ముప్పు, నెలలు నిండకుండా పుట్టడం.

2020లో ప్రపంచమంతటా కోటీ 34 లక్షల మంది శిశువులు 37 వారాలు నిండకముందే పుట్టారు. వారిలో సుమారు 30 లక్షల మంది మన దేశంలోనే. ఎన్ని వారాలు ముందు పుడితే ముప్పు అంత ఎక్కువ. అనేక దేశాల అధ్యయనాలను కలిపి 2008లో వెలువరించిన విశ్లేషణ ప్రకారం, 28 వారాలకు ముందు పుట్టి బతికిన పిల్లల్లో నూటికి 14 మందికి సెరిబ్రల్ పాల్సీ వచ్చింది. 28-31 వారాల వారిలో అది ఆరుగురికి, 32-36 వారాల వారిలో ఒకరికన్నా తక్కువకు తగ్గింది. నెలలు నిండిన వారిలో వెయ్యికి ఒక్కరే.

ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ నిలవదని పల్లెల్లో ఇప్పటికీ అంటారు. అంకెలు అందుకు పూర్తిగా విరుద్ధం. కడుపులో గడిచే ప్రతి వారమూ మెదడుకు రక్షణే. 32 వారాల లోపు మెదడు లోపలి గదుల పక్కనుండే రక్తనాళాలు చాలా పలచన. రక్తపోటు కాస్త అటూఇటూ అయినా చిట్లుతాయి. రక్తప్రసరణ తగ్గినా, ఇన్ఫెక్షన్ సోకినా ఆ చుట్టూ ఎదుగుతున్న కణాలు దెబ్బతింటాయి. కాళ్లను కదిలించే నరాల దారి అక్కడికి దగ్గరగా సాగుతుంది కాబట్టే ఈ పిల్లల్లో ముందుగా కాళ్లు బిగుసుకుంటాయి.

‘పుట్టగానే ఏడవలేదు’ అన్న ఒక్క మాటతో నెపమంతా కాన్పు మీద వేయడం మనకు అలవాటు. లండన్ వైద్యుడు విలియం జాన్ లిటిల్ 1861లో ఈ వైకల్యాన్ని కష్టమైన కాన్పుతోనే ముడిపెట్టారు. అసలు లోపం గర్భంలోనే మొదలై ఉండవచ్చని, కాన్పు కష్టం కావడం దాని లక్షణం కావచ్చని 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్ వాదించారు. ఊపిరాడకపోవడం ఒక కారణం మాత్రమేనని, అన్నింటికీ అదే మూలం కాదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. కవలలు, గర్భసంచిలో ఇన్ఫెక్షన్, తల్లికి పెరిగిన బీపీ, పుట్టాక ముదిరిన కామెర్లు, మెదడువాపు కూడా కారణాల జాబితాలో ఉన్నాయి.

ముప్పు పురిటి గదికి చాలా ముందే మొదలవుతుంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మంది రక్తహీనులు. చిన్నవయసు గర్భం, రక్తహీనత రెండూ నెలలు నిండని కాన్పుకు దారితీసేవే. అదే సర్వేలో ఆస్పత్రి కాన్పులు 96 శాతం దాటాయి. అంటే తల్లి ఆస్పత్రి దాకా వస్తోంది. అక్కడ ఆమెకు ఏం అందుతోందన్నదే ఇక ప్రశ్న.

మొదట కావలసింది వారాల లెక్క. తొలి మూడు నెలల్లో స్కానింగ్ చేస్తేనే అది కచ్చితంగా తెలుస్తుంది. 34 వారాల లోపు నొప్పులు మొదలైతే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పరిపక్వం చెందేందుకు తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హౌవీ 1972లో దాని మేలు నిరూపించారు. 32 వారాల లోపైతే మెగ్నీషియం సల్ఫేట్ కూడా ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సిఫార్సు చేసింది. అది సెరిబ్రల్ పాల్సీ ముప్పును దాదాపు మూడో వంతు తగ్గిస్తుంది. బీపీతో ఫిట్స్ వచ్చే గర్భిణుల కోసం వాడే చవకైన మందే అది. వేముల ప్రాంతపు తల్లిని వేంపల్లె మీదుగా కడపకు తరలించాల్సి వస్తే, వీలైనంతవరకు బిడ్డ కడుపులో ఉండగానే తరలించాలి. పుట్టాక అంబులెన్సులో చలికి, కుదుపులకు గురయ్యే పసికందు ముప్పు వేరు.

నెలలు నిండని బిడ్డను తల్లి గుండెలకు హత్తుకునే కంగారూ పద్ధతి 1978లో బొగోటాలో మొదలైంది. ఢిల్లీ ఆస్పత్రితో సహా అయిదు దేశాల ఆస్పత్రుల్లో జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, బిడ్డ పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా దాన్ని మొదలుపెడితే మరణాలు నాలుగో వంతు తగ్గాయి.

నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగం (ఎస్‌ఎన్‌సీయూ)లో ప్రాణం దక్కించుకున్న బిడ్డ ఇంటికెళ్లాక ఏమవుతోంది? చాలా కుటుంబాలు ‘నెలలు తక్కువ బిడ్డ, నిదానంగా కూర్చుంటాడులే’ అని ఏడాది దాటేదాకా చూస్తాయి. నిజానికి మూడో నెల నుంచి శిశువు కదలికలను గమనించి, ఎంఆర్‌ఐతో కలిపి చూస్తే ఆరు నెలల లోపే ముప్పును గుర్తించవచ్చు. మెదడు తనను తాను మలచుకోగల ఆ నెలల్లో మొదలయ్యే ఫిజియోథెరపీకీ, రెండేళ్లప్పుడు మొదలయ్యే చికిత్సకూ చాలా తేడా ఉంటుంది.

ఆస్ట్రేలియా దశాబ్దాలుగా సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల రిజిస్టర్ నిర్వహిస్తోంది. 1990ల మధ్యకాలంతో పోలిస్తే అక్కడ సెరిబ్రల్ పాల్సీ సుమారు 30 శాతం తగ్గింది. పేర్లు రాసుకున్నందుకే తగ్గిందనలేం. కానీ ఏ జాగ్రత్త ఫలించిందో, ఎక్కడ లోటు మిగిలిందో తెలిసింది రిజిస్టర్ వల్లే.

మన దగ్గర చట్రం లేకపోలేదు. పిల్లల్లో లోపాలను ముందుగా గుర్తించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా ప్రతి మూడు నెలలకూ ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లాలనే పథకం 2018 నుంచి ఉంది. ఆమె చూసే జాబితాలో మెడ నిలవకపోవడం, పిడికిలి విప్పకపోవడం, కాళ్లు కత్తెరలా బిగియడం తప్పనిసరి కావాలి. ఎస్‌ఎన్‌సీయూ డిశ్చార్జి కాగితం మీదే రెండేళ్ల పరీక్షల తేదీలు రాయాలి. కూలి మానుకుని కడపకు వచ్చే తల్లికి ఛార్జీలూ, ఆ రోజు కూలీ చెల్లించే బాధ్యతను జిల్లా ఆరోగ్యశాఖ తీసుకోవాలి. తేదీ దాటినా రాని బిడ్డ ఇంటికి వారంలోగా ఎవరో ఒకరు వెళ్లాలి.