కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే కంపెనీకి లాభమా?

ఈ మధ్య జూబిలీ పార్కులో పొద్దున నడకకు వచ్చే మిత్రుల మధ్య మళ్ళీ పాత చర్చే వచ్చింది. "కస్టమర్ కేర్ వాళ్ళు కావాలనే మనల్ని లైనులో నిలబెడతారండీ. ఎంతసేపు నిలబెడితే వాళ్ళకంత కమిషను" అన్నారు ఒకాయన. అందరూ తలలూపారు. నేను ఊపలేదు. ఎందుకంటే ఒకప్పుడు ఇదే పార్కులో ఇదే మాట అందరికంటే గట్టిగా అన్నది నేనే.

2012లో సెలవు మీద కద్మాలోని ఇంటికి వస్తే వాషింగ్ మెషీను ఆగిపోయి ఉంది. వారంటీ ఇంకా నాలుగు నెలలుంది. కార్డు మీద 1860తో మొదలయ్యే నంబరు. మూడుసార్లు చేశాను. "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని ఓ అమ్మాయి గొంతు, కాసేపు సంగీతం, మళ్ళీ అదే గొంతు. మూడు కాల్స్ కలిపి 92 నిమిషాలు. నాది సెకనుకు పైసా ప్లాను. 5,520 సెకన్లు, అంటే 55 రూపాయల 20 పైసలు. రక్షణ శాఖ పద్దుల్లో బతికినవాణ్ణి, ఇలాంటివి కాగితం మీద వేసుకోకుండా ఉండలేను. మెకానిక్ పన్నెండో రోజున వచ్చాడు. తెగింది ఒక బెల్టు!

ఆ 55 రూపాయల్లో కంపెనీకి వాటా ఉందని ఊరంతా చాటాను. టెలికాం శాఖలో పనిచేసి రిటైరైన ఒక మిత్రుడు ఓపిగ్గా విని, "వోచరుందా?" అని అడిగాడు. జీవితమంతా నేను ఇతరుల్ని అడిగిన ప్రశ్న. నా దగ్గర లేదు.

ఆయన చెప్పిన సంగతి ఇది. 1800 నంబరుకు చేస్తే ఖర్చంతా కంపెనీదే. 1860 అయితే మనం లోకల్ కాల్ ఖర్చు పెట్టుకుంటాం, మిగతాది కంపెనీ పెట్టుకుంటుంది. అంటే నేను లైనులో ఉన్నంతసేపూ కంపెనీకి కూడా చేతి చమురే. కాల్ చేసినవాడి డబ్బులో వాటా పంచుకునే ప్రీమియం రేటు నంబర్లు వేరే ఉన్నాయి. నేను రెంటినీ ఒకే గాటన కట్టేశాను. దెయ్యం ఉందనేవాణ్ణి ఆధారం చూపమని నిలదీసే మనం, కంపెనీ దొంగ అనేటప్పుడు మాత్రం ఆధారం అక్కర్లేదనుకుంటే ఎలా?

వాటా పంచుకునే వ్యాపారం ఎలా ఉంటుందో చూడాలంటే 2007 నాటి 'కౌన్ బనేగా కరోడ్‌పతి' చూడండి. షారుఖ్ ఖాన్ నడిపిన మూడో విడత. 'హర్ సీట్ హాట్ సీట్' అని ప్రేక్షకులకొక పోటీ పెట్టారు. ఎస్.ఎం.ఎస్. ఒక్కింటికి 2 రూపాయల 40 పైసలు. జాతీయ వినియోగదారుల కమిషన్ 2008 తీర్పులో చూపిన లెక్క ప్రకారం 5.8 కోట్ల ఎస్.ఎం.ఎస్.లు, 13.92 కోట్ల రూపాయల వసూలు. బహుమతులుగా ఇచ్చింది 1.04 కోట్లు. వందకు ఏడున్నర! కమిషన్ స్టార్ ఇండియాకు, ఎయిర్‌టెల్‌కు కలిపి కోటి రూపాయల జరిమానా వేసింది. 2019లో సుప్రీం కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. బహుమతి సొమ్ము ఆ ఎస్.ఎం.ఎస్.ల రాబడి నుంచే ఇచ్చారని చెప్పటానికి తగిన ఆధారం లేదన్నది.

ఇది చెప్పగానే మా వాళ్ళు "చూశారా, పెద్దవాళ్ళకు ఏమీ కాదు" అంటారు. నేనలా అనను. వోచరు లేకుండా నేను ఒక్క పైసా కూడా పాస్ చేయలేదు, కోర్టు మాత్రం ఎందుకు చేయాలి? కాకపోతే నేర్చుకోవలసింది ఒకటుంది. ఫోను చేసినవాడి చేతిలో ఉండేది తన బిల్లు మాత్రమే. రాబడిని ఎవరెవరు ఎలా పంచుకున్నారో చెప్పే కాగితాలు కంపెనీల బీరువాల్లో ఉంటాయి. "లాభం ఉందని నిరూపించు" అని బిల్లు కట్టినవాడి మీద భారం పెడితే వాడు ఎప్పటికీ ఓడిపోతూనే ఉంటాడు.

జ్యోతిష్యం లైన్ల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఇక్కడ సరుకే నిమిషం. మా వీధిలో ఒకావిడ, కొడుకు ఉద్యోగం కోసం, నిమిషానికి ఆరు రూపాయల లైనుకు ఫోను చేసింది. శని ఎక్కడున్నాడో చెప్పటానికి వాళ్ళకు పదకొండు నిమిషాలు పట్టింది. గుళ్ళో పంతులుగారు అదే అబద్ధం రెండు నిమిషాల్లో చెప్పి, దక్షిణ ఎంతిచ్చినా పుచ్చుకునేవాడు! ఇక అడగని సర్వీసులు అంటగట్టి బ్యాలెన్సు కోసుకోవటం ఎంత ముదిరిందంటే, చందాదారుడు రెండోసారి కూడా సరేనంటేనే డబ్బు కోయాలని ట్రాయ్ 2013 జులైలో ఆదేశించాల్సి వచ్చింది.

అయితే నా వాషింగ్ మెషీను కంపెనీ నిర్దోషేనా? ఇక్కడే నా మిత్రుడితో నాకు పేచీ. వాటా లేదు సరే, లాభం లేదని ఎవరన్నారు? బీకాం మొదటి సంవత్సరం కుర్రాణ్ణి అడగండి, తప్పించుకున్న ఖర్చు లాభంలో కలుస్తుందా లేదా అని. ఒక లెక్క వేద్దాం. ఊహించిన లెక్కే, ఏ కంపెనీదీ కాదు. రోజుకు వెయ్యిమంది, ఒక్కొక్కరు 20 నిమిషాలు లైనులో ఎదురు చూశారనుకోండి. 20,000 నిమిషాలు, 333 గంటలు. ఎనిమిది గంటల షిఫ్టు లెక్కన 41 మంది రోజంతా కూర్చున్నంత కాలం. ఇంకో పదిమందిని కుర్చీల్లో కూర్చోబెడితే ఈ నిరీక్షణ చాలా భాగం తగ్గేది. వాళ్ళ జీతాలు మిగిలాయి, ఖర్చు మన మీదకు వచ్చింది. విసుగు పుట్టి ఫోను పెట్టేసి, బజారు మెకానిక్‌కు సొంత డబ్బిచ్చుకున్నవాడి వారంటీ ఖర్చూ మిగిలింది. ఇవేవీ 'ఫోన్ల మీద ఆదాయం' అనే పద్దు కింద కనబడవు. కనబడవు కాబట్టి లేవంటారు.

షిఫ్టు తప్పితే జీతం కోసే ఊరు మాది. ఇక్కడ కాంట్రాక్టు కూలీ ఒకడు 92 నిమిషాలు ఫోను పట్టుకు కూర్చోగలడా? ఇప్పుడు చాలామందికి అపరిమిత కాల్స్ ప్లాన్లున్నాయి కదా అంటారా? ఆ నంబర్లు మీ ప్లానులో చేరాయో లేదో ఒకసారి కనుక్కోండి. చేరినా నిమిషాలు మీవేగా.

యూరప్ వాళ్ళు ఈ చిక్కుముడిని వేరే విధంగా విప్పారు. జర్మనీలో కామ్‌టెక్ అనే కంపెనీ, కొన్నవాళ్ళ కోసం మామూలు కాల్ కంటే ఖరీదైన 0180 నంబరు పెట్టింది. 2017 మార్చిలో యూరోపియన్ న్యాయస్థానం తేల్చింది: తమ దగ్గర కొన్నవాడు కొన్నదాని గురించి ఫోను చేస్తే మామూలు కాల్ ధరకు మించి పడకూడదు. వ్యాపారికి అందులో లాభముందా లేదా అన్నది అనవసరం. బ్రిటన్‌లో 2014 జూన్ నుంచే ఇలాంటి నిబంధన ఉంది. ఎవరి బీరువా తాళాలూ అడగనక్కర్లేదు, మన బిల్లు చాలు.

పార్కులో మిత్రులకు ఇదంతా చెప్పాను. "అయితే కమిషన్ లేదంటారు, దోపిడీ ఉందంటారు, ఏదో ఒకటి తేల్చండి" అన్నారాయన. తేల్చాను కదా! కమిషన్ అన్నమాట వెనక్కు తీసుకున్నాను. అడిగేవి రెండే. వస్తువు అమ్మినవాడు వారంటీ కార్డు మీద 1800 నంబరు వెయ్యాలి. మనిషి గొంతు వినబడటానికి సగటున ఎన్ని నిమిషాలు పడుతోందో ప్రతి నెలా ప్రకటించాలి. ఆ నిమిషాలు వాళ్ళ కంప్యూటర్లలో నమోదవుతూనే ఉంటాయి. "నాణ్యత కోసం ఈ కాల్ రికార్డు చేయబడుతోంది" అని చెప్పేది వాళ్ళే కదా.